గాలీ, వానా, గావియా

జులై వచ్చిందంటే టూర్ డి ఫ్రాన్స్ సాయంత్రంపూట మన టీవీల్లోకి వచ్చేస్తుంది. అక్కడ మిట్టమధ్యాహ్నం, ఇక్కడ పొద్దువాలే వేళ. పొద్దుతిరుగుడు తోటలు, పాత కోటలు, చర్చి గోపురాలు, వాటి మధ్య నుంచి రంగురంగుల చొక్కాల్లో 170, 180 మంది సైకిళ్ల మీద గుంపుగా పోతూనే ఉంటారు. గంట గడిచినా అదే గుంపు, రెండు గంటలైనా అదే గుంపు. "ఇందులో చూడ్డానికి ఏముందండీ?" అని అడిగేవాళ్లు నాకు చాలామంది తగిలారు. అడగాల్సిన మాటే. వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. గాలి వీచే రోజు చూడండి. వాన కొట్టే రోజు చూడండి. ఇది జట్లు ఆడే ఆట అన్న సంగతి ఎండ కాసే రోజున పైకి కనపడదు. వాతావరణం చెడిందా, ఇక అదే కనపడుతుంది.

తెలిసినవాళ్లు ఒక్క నిమిషం ఓర్చుకోండి, తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. మూడు వారాల పందెమంటే 21 స్టేజిలు. ఇటలీలో మే నెలలో జీరో, ఫ్రాన్స్‌లో జులైలో టూర్, స్పెయిన్‌లో వేసవి చివర వుఎల్టా. ఏ రోజు ఎంతసేపు పట్టిందో కూడుకుంటూ పోతారు. ఆఖరికి అందరికంటే తక్కువ సమయం ఎవరిదైతే వాళ్లే విజేత. ఒక్కో జట్టులో ఇప్పుడు 8 మంది. ఆ 8 మందిలో పందెం గెలవడానికి వచ్చినవాడు ఒక్కడు, మహా అయితే ఇద్దరు. మిగతావాళ్లంతా అతని కోసం తొక్కడానికి వచ్చినవాళ్లు. ఇటలీలో వీళ్లను గ్రెగారియో అంటారు. నీళ్ల సీసాలు మోసేదీ, జాకెట్లు మోసేదీ, గాలికి అడ్డం నిలిచేదీ, నాయకుడి సైకిల్ పాడైతే తన సైకిల్ దిగి ఇచ్చేసేదీ వీళ్లే.

ఇక గాలి సంగతి. గంటకు 40, 45 కిలోమీటర్ల వేగంతో పోయేవాడికి ఆకు కదలని రోజున కూడా ఎదురుగాలే. ముందున్నవాడి చక్రం వెనక జానెడు దూరంలో దూరిపోతే ఆ శ్రమలో మూడోవంతు దాకా మిగులుతుంది. గుంపు నడిమధ్యన ఉంటే ఇంకా ఎక్కువే మిగులుతుంది. అందుకే అంతమందీ ఒకరినొకరు రాసుకుంటూ పోతుంటారు. గాలి ఎదురుగా వీస్తే గుంపు ముద్దకట్టుకుని నెమ్మదిస్తుంది, ముందుకొచ్చి తొక్కాలని ఎవరికీ ఉండదు. వెనక నుంచి తోస్తే అందరూ కలిసే ఎగిరిపోతారు. ఈ రెండు గాలులతో పెద్ద పేచీ లేదు. పందేన్ని చీల్చేది పక్కగాలి.

గాలి ఎడమ నుంచి కొడుతోందనుకోండి. అప్పుడు గాలిమరుగు ముందువాడికి సరిగ్గా వెనక ఉండదు, కాస్త కుడిపక్కకు ఉంటుంది. రెండోవాడు అక్కడికి జరుగుతాడు. మూడోవాడు అతనికి కుడిపక్కకు జరుగుతాడు. ఆకాశంలో కొంగల బారు పోతుంటే అందులో ఒక్క రెక్కను మాత్రం ఊహించుకోండి, రోడ్డు మీద అలాంటి ఏటవాలు వరస ఏర్పడుతుంది. కొంగలకు ఆకాశమంతా జాగా. వీళ్లకు ఉన్నది ఆరేడు మీటర్ల రోడ్డు. పదిమందో పదిహేనుమందో పట్టేసరికి కుడి అంచు వచ్చేస్తుంది. ఆ తర్వాతివాడికి మరుగు లేదు. గడ్డికీ తారుకూ మధ్యన, ముందువాడి చక్రాన్ని పట్టుకుని, వీచే గాలంతా తానే తింటూ పోవాలి. అతని వెనక ఇంకో వందమంది అలాగే నిలువుగా ఒక్క తాడులా సాగిపోయి ఉంటారు. వాళ్లలో ఎవరో ఒకరి కాళ్లు తేలిపోతాయి. అతనికీ ముందువాడికీ మధ్య ఒక సైకిల్ పొడవు ఖాళీ వస్తుంది. ఆ ఖాళీ మళ్లీ పూడటం చాలా కష్టం, ఎందుకంటే పూడ్చాల్సినవాడు ఒంటరిగా గాలిలో ఉన్నాడు, ముందు పోతున్నవాళ్లు వంతులు వేసుకుని తొక్కుతున్నారు.

ఇక్కడే ఒక కిటుకు ఉంది. వరసలో ముందున్నవాడు రోడ్డు ఎడమ అంచున తొక్కితే వెనక పదిహేనుమందికి చోటు దొరుకుతుంది. అతనే కావాలని నడిరోడ్డుకు జరిగి తొక్కితే ఆరుగురికే దొరుకుతుంది. ఆ ఆరుగురూ అతని జట్టువాళ్లే అయితే? రోడ్డు ఎంత వెడల్పున్నా, తమకు సరిపడా మాత్రమే ఉంచుకుని మిగతా లోకాన్ని గడ్డిలోకి నెట్టడమన్నమాట. నిర్దయగా అనిపిస్తుంది కదూ? నాకైతే ఆ నిర్దయలో కూడా గొప్ప అందం కనపడుతుంది. ఆరుగురూ ఒకే లయలో, ఒకడు ముందుకొచ్చి పది క్షణాలు గాలి తిని పక్కకు జారిపోతూ, ఇంకొకడు ఆ చోటులోకి వస్తూ తిరుగుతుంటారు. ఏళ్ల తరబడి కలిసి తొక్కితే తప్ప రాని పని అది. నెదర్లాండ్స్, బెల్జియం తీరాల్లో గాలికే పుట్టి పెరిగిన కుర్రాళ్లకు ఇది ఒంట్లోనే ఉంటుంది. కొండల్లో పుట్టిన కొలంబియా కుర్రాడు పెద్దయ్యాక వచ్చి నేర్చుకోవాలి.

విరుగుడు లేకపోలేదు. మరుగు దొరకనివాళ్లు ఆ తాడును పట్టుకుని వేలాడటం మానేసి, వెంటనే తమకు తామే రెండో ఏటవాలు వరస కట్టుకోవాలి. వినడానికి తేలికే. కానీ అలా చేయాలంటే ముందువాళ్లను వదులుకోవడానికి మొదట ఒప్పుకోవాలి. తన నాయకుడు అక్కడ ముందు ఉన్నాడో, ఇక్కడే చిక్కుకున్నాడో తెలియాలి. పది వేర్వేరు జట్లవాళ్లు క్షణంలో రాజీపడాలి. సాధారణంగా ఆ రాజీ కుదిరేసరికి ముందు గుంపు అరనిమిషం దూరం పోయి ఉంటుంది.

అన్నట్టు, ఇది ఎక్కడ మొదలవుతుందో అందరికీ ముందే తెలుస్తుంది. జట్ల కార్లు కొన్ని పందెం కంటే ముందుగా ఆ దారిలో పోయి గాలి ఎటు ఉందో చూసి చెబుతాయి. ఊరు దాటి రోడ్డు మలుపు తిరిగే చోటు, చెట్ల వరస అయిపోయి బయలు మొదలయ్యే చోటు, అవే ప్రమాద స్థలాలు. చెవిలో రేడియో మోగుతుంది. ఇంకో రెండు కిలోమీటర్లలో కుడి మలుపు, తర్వాత గాలి ఎడమ నుంచి, ముందుకు రండి అని ప్రతి డైరెక్టరూ తన జట్టుకు చెబుతాడు. 20కి పైగా జట్లు ఒకే మాట వింటాయి, అందరూ ఒకేసారి ముందుకు తోసుకొస్తారు. మలుపు చేరేలోపే సగం యుద్ధం అయిపోతుంది.

ఒక్క రోజు కథ చెబుతాను, 2013 జులై 12. టూర్‌లో 13వ స్టేజి, 173 కిలోమీటర్లు, చెప్పుకోదగ్గ కొండ లేదు. దారి పటం చూసినవాళ్లెవరైనా ఇది ఆఖరి క్షణాల్లో మెరుపులా ఉరికే స్ప్రింటర్లకు వదిలేసిన రోజు అనుకుంటారు. మొత్తం సమయాల లెక్కలో ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీ క్రిస్ ఫ్రూమ్ ఒంటిమీద ఉంది. రెండో స్థానంలో స్పెయిన్ రైడర్ అలెహాంద్రో వాల్వెర్దె. ఇంకా వంద కిలోమీటర్లకు పైగా మిగిలి ఉండగానే ఒమేగా ఫార్మా క్విక్‌స్టెప్ జట్టు ముందుకొచ్చి పక్కగాలిలో వేగం పెంచేసింది. వాళ్లకు పసుపు జెర్సీతో పనిలేదు. జర్మనీ స్ప్రింటర్ మార్సెల్ కిట్టెల్‌ను వదిలించుకోవాలి, తమ మార్క్ కావెండిష్‌కు దారి చేయాలి, అంతే. కిట్టెల్ వెనకపడ్డాడు. ఆ వేగం మధ్యనే వాల్వెర్దె చక్రం దెబ్బతింది.

మామూలు రోజున చక్రం పాడైతే ఒక నిమిషం పని. ఇద్దరు జట్టువాళ్లు ఆగి, తమ వెనక పెట్టుకుని తెచ్చి గుంపులో కలిపేస్తారు. ఆ రోజు అతని మోవిస్టార్ జట్టు నైరో కింతానాను ముందు గుంపులో ఉంచి, దాదాపు మిగతా అందరినీ వెనక్కి పిలిచింది. అయినా అందలేదు. ఎందుకంటే ముందు ఇప్పుడు ఇంకో జట్టుకు కూడా పని పడింది. వాల్వెర్దె పోతే బెల్కిన్ జట్టు నాయకుడు బావుకె మొల్లెమా పైకి ఎక్కుతాడు. స్ప్రింట్ కోసం తొక్కుతున్న జట్టూ, స్థానం కోసం తొక్కుతున్న జట్టూ చేతులు కలిపాయి. సాయంత్రానికి వాల్వెర్దె దాదాపు 10 నిమిషాలు పోగొట్టుకున్నాడు.

వెనక్కి వచ్చినవాళ్లలో రుయ్ కోస్తా అనే పోర్చుగీసు రైడర్ ఉన్నాడు. అప్పటికి అతను కూడా మొదటి పదిమందిలో ఒకడు. తన స్థానం కాపాడుకోవాలంటే ముందే ఉండిపోవచ్చు. నాయకుడి కోసం ఆగాడు, తన పందెం కూడా అక్కడే పోగొట్టుకున్నాడు. అయితే చూడండి, పైస్థానాల్లో లేనివాడు పారిపోతే ఎవరూ అంతగా వెంటాడరు. ఆ వెసులుబాటుతో రుయ్ కోస్తా అదే టూర్‌లో 16వ స్టేజీ, 19వ స్టేజీ రెండూ గెలిచాడు. ఆ సెప్టెంబరులో ఫ్లోరెన్స్‌లో ప్రపంచ చాంపియన్ కూడా అయ్యాడు. ఇది గుర్తొచ్చినప్పుడల్లా నాకు మనసు నిండిపోతుంది.

కథ ఇంకా అయిపోలేదు. గమ్యం ఇంకో 30 కిలోమీటర్లు ఉందనగా ఆల్బెర్తో కాంతదోర్ జట్టు సాక్సో టింకాఫ్ ఒక్కసారిగా ముందుకు దూకింది. ఆరుగురు ఒకే జట్టువాళ్లు, ఏటవాలు వరస. మొత్తం 14 మంది పట్టారు. కావెండిష్ ఆఖరి క్షణంలో ఎవరి కోసమూ చూడకుండా ఎగిరి ఆ చక్రాన్ని అందుకున్నాడు, ఆనక ఆ స్టేజి గెలిచాడు. ఫ్రూమ్ కొన్ని మీటర్ల తేడాతో అందుకోలేకపోయాడు. ఆ టూర్‌లో కొండ మీద అతన్ని మించినవాడు లేడు. కానీ అతని జట్టులో అప్పటికే ఇద్దరు ఇంటికి పోయారు, ఒకరు సమయ పరిమితి దాటి, ఒకరు ఎముక విరిగి. మిగిలినవాళ్లు ఆ వేగానికి చాలలేదు. చదును నేల మీద, చెప్పుకోదగ్గ కొండ లేకుండా, పసుపు జెర్సీ 1 నిమిషం 9 సెకన్లు పోగొట్టుకుంది.

చివరికి పారిస్‌లో ఫ్రూమే 4 నిమిషాలకు పైగా ఆధిక్యంతో గెలిచాడు కదా, మరి ఆ గాలి రోజుకు అర్థమేముంది అని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఒక రోజు విలువను ఆఖరి పట్టికతోనే కొలవాలా? లోకంలో అందరికంటే బలమైన కాళ్లున్నవాడు, ముందు నలుగురు తనవాళ్లు లేక, కళ్లెదుట పోతున్న గుంపును చూస్తూ ఏమీ చేయలేకపోయిన అరగంట అది. ఈ ఆట ఏమిటో అంతకంటే స్పష్టంగా చెప్పిన రోజు మరొకటి నాకు తెలియదు.

ఫ్రూమ్ కూడా ఆ పాఠాన్ని పోనివ్వలేదు. 2016లో కార్కసోన్ నుంచి మోంపెలియే పోయే 11వ స్టేజిలో మళ్లీ పక్కగాలి. ఇంకో 12 కిలోమీటర్లు ఉందనగా పీటర్ సగాన్, అతని జట్టువాడు మాచియే బొద్నార్ ముందుకు ఉరికారు. వాళ్ల వెనకే పసుపు జెర్సీతో ఫ్రూమ్, అతని వెంట గెరెంట్ థామస్. నలుగురు, రెండు జట్లు, ఇద్దరిద్దరు. సగాన్‌కు స్టేజి కావాలి, ఫ్రూమ్‌కు సమయం కావాలి, పేచీ లేదు. గుంపుకంటే 6 సెకన్లు ముందు చేరారు, రెండో స్థానానికి బోనస్ ఇంకో 6 సెకన్లు. మూడు వారాల పందెంలో 12 సెకన్లు ఏపాటి అంటారా? పసుపు జెర్సీ వేసుకున్నవాడు చదునులో పారిపోవడమన్నది జరగదని నిశ్చింతగా ఉన్న ప్రత్యర్థులందరికీ ఆ రాత్రి నుంచి నిశ్చింత పోయింది.

మరునాడు ఆ గాలే ఇంకో విడ్డూరం చేసింది. మోంట్ వాంటూ శిఖరం మీద స్టేజి ముగియాలి. పైన మనుషులు నిలబడలేనంత గాలి. ముగింపును 6 కిలోమీటర్లు కిందికి, షాలే రేనార్ దగ్గరికి దించారు. శిఖరం దాకా పరుచుకోవాల్సిన జనమంతా కింది రోడ్డు మీద కిక్కిరిసిపోయారు. టీవీ మోటార్‌సైకిల్ ఆ జనంలో ఆగిపోయింది, రిచీ పోర్ట్, ఫ్రూమ్, మొల్లెమా దాన్ని ఢీకొన్నారు. ఫ్రూమ్ సైకిల్ విరిగింది, జట్టు కారు ఆ జనంలో ఎక్కడో వెనక చిక్కుకుపోయింది. పసుపు జెర్సీ వేసుకున్నవాడు సైకిల్ లేకుండా కొండ మీదికి పరుగెత్తడం లోకమంతా చూసింది. ఆ సమయాలను అధికారులు తర్వాత సవరించారు, జెర్సీ అతని దగ్గరే ఉండిపోయింది.

ఇంకొక్కటి చెప్పి గాలిని వదిలేస్తాను. 2020లో లావూర్ స్టేజిలో ఇలాగే గుంపు చీలి, 21 ఏళ్ల స్లొవేనియా కుర్రాడు తదేయ్ పోగచార్ 1 నిమిషం 21 సెకన్లు పోగొట్టుకున్నాడు. ఆ టూర్‌ను అతను 59 సెకన్ల తేడాతో గెలిచాడు. ఆ లెక్క పక్కన పెట్టుకుని చూస్తే ఆఖరి ముందురోజు, ఒక్కొక్కరూ ఒంటరిగా గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్‌లో, అతను పసుపు జెర్సీని లాక్కోవడం ఎంతటి పనో తెలుస్తుంది.

వాన వేరు. గాలి గుంపును ముక్కలు చేస్తుంది, వాన ఒక్కొక్కణ్నీ విడిగా పట్టుకుంటుంది. తారు రోడ్డు మీద వేసిన తెల్లగీతలు, మ్యాన్‌హోల్ మూతలు సబ్బు రాసినట్టవుతాయి. మెకానిక్కులు పొద్దున్నే టైర్లలో గాలి కాస్త తగ్గిస్తారు, రోడ్డును గట్టిగా పట్టుకోవాలని. పడిపోతామన్న భయానికి అందరూ ముందుండాలనుకుంటారు, ముందుండటానికి అందరూ వేగం పెంచుతారు, ఆ వేగం వల్లే పడిపోతారు. చలిలో ఆకలి తెలియదు. తెలిసినా వేళ్లు కొంకర్లు పోయి తినుబండారం పొట్లం ఊడదీయలేరు. అందుకని జట్టు సహాయకులు ఆ పొట్లాలను ముందే సగం చించి ఉంచుతారు. సీసాల్లో నీళ్లకు బదులు వేడి టీ పోస్తారు. గ్రెగారియో గుంపు వెనక ఉన్న జట్టు కారు దాకా పోయి, నాలుగు జాకెట్లు చొక్కాలో కుక్కుకుని, ఆ బరువుతో మళ్లీ గుంపంతా దాటుకుని ముందుకు రావాలి. నాయకుడు జాకెట్ తొడుక్కునేటప్పుడు అతని పక్కన నిలిచి గాలి కాయాలి. చలికి చేతులు కదలకపోతే జిప్పు కూడా తానే లాగాలి.

కొండల్లో వాన మంచుగా మారితే ఇంకో లెక్క. ఎక్కేటప్పుడు వేగం గంటకు 15, 20 కిలోమీటర్లు, ఒళ్లు కొలిమిలా కాలుతుంటుంది, చలి అంతగా తెలియదు. శిఖరం దాటాక కాళ్లకు పని లేదు, తడిసిన బట్టలు, గంటకు 60, 70 కిలోమీటర్ల గాలి. పది నిమిషాల్లో ఒంట్లో వేడంతా పోతుంది. బ్రేకు నొక్కాల్సిన వేళ్లు మొద్దుబారిపోతాయి. అందుకే వెనకటి రోజుల్లో శిఖరం మీద అభిమానుల చేతుల్లోంచి వార్తాపత్రికలు అందుకుని చొక్కాలోపల గుండెకు అడ్డం దోపుకునేవాళ్లు. ఎక్కడం కాళ్ల పని, దిగడం జాకెట్ పని అనుకోండి.

ఇక గావియా. ఇది తలచుకోకుండా ఈ కబుర్లు ముగించడం నావల్ల కాదు.

1988 జూన్ 5, జీరోలో 14వ స్టేజి. వాల్‌మలెంకోలోని కియేజా నుంచి బోర్మియో దాకా 120 కిలోమీటర్లే. మధ్యలో 2,621 మీటర్ల ఎత్తున గావియా కనుమ. పైభాగంలో అప్పటికింకా తారు లేదు, మట్టి రోడ్డు, కొన్ని చోట్ల నిట్టనిలువు. కింద వాన పడుతోంది, పైన మంచు కురుస్తోంది. నిర్వాహకుడు విన్చెంజో తొర్రియాని పందెం ఆపలేదు.

ఆ జీరోలో సెవెన్ ఇలెవెన్ అనే అమెరికా జట్టు ఉంది. యూరప్ రోడ్ల మీదికి వచ్చి కొన్నేళ్లే అయింది. జట్టును నడిపేది జిమ్ ఓకోవిచ్, కారులో డైరెక్టర్ మైక్ నీల్. వాళ్ల నాయకుడు ఆండీ హాంప్‌స్టెన్, ఉత్తర డకోటాలో పెరిగినవాడు, చలి ఎలా కరుస్తుందో చిన్నప్పటి నుంచి తెలిసినవాడు. పైన మంచు పడుతోందన్న కబురు పొద్దున్నే అందింది. జట్టువాళ్లు పరుగున పోయి స్కీ సామాన్ల దుకాణాల్లో ఉన్నిటోపీలు, మందపాటి చేతితొడుగులు, వెచ్చటి బట్టలు కొనుక్కొచ్చారు. రైడర్ల ఒంటికి కొవ్వుమందు దట్టంగా పూశారు. పొడి బట్టల సంచులిచ్చి మనుషులను శిఖరం దగ్గరికి పంపారు, దిగుడు మొదలయ్యేముందు అందించమని. ఇంతకంటే గొప్ప వ్యూహమేమీ లేదు. ఎవరికి ఏమి, ఎక్కడ కావాలో ముందుగా ఊహించడం, అంతే. యూరప్‌లో పాతుకుపోయిన పెద్ద జట్లలో చాలామందికి ఆ రోజు పొడి చొక్కా దొరకలేదు.

హాంప్‌స్టెన్ కొండ మొదట్లోనే దాడి చేశాడు. అతనికంటే ముందు యోహాన్ వాన్ డెర్ వెల్డె అనే డచ్చి రైడర్ శిఖరం దాటాడు, పొట్టి చేతుల చొక్కాతో, నెత్తిన టోపీ కూడా లేకుండా. ఎక్కినంతసేపూ అతనికి ఏమీ కాలేదు. దిగడం మొదలుపెట్టిన కాసేపటికే ఒళ్లు బిగుసుకుపోయింది. ఆగిపోయి, దారిపక్క వాహనంలో తలదాచుకుని, వేడివేడిగా ఏదో తాగి, ఒళ్లు తిరిగి స్వాధీనంలోకి వచ్చాకే మళ్లీ సైకిలెక్కాడు. శిఖరం మీద అందరికంటే ముందున్న మనిషి బోర్మియోకు దాదాపు 47 నిమిషాలు ఆలస్యంగా చేరాడు. 25 కిలోమీటర్ల దిగుడులో!

హాంప్‌స్టెన్ పైన సంచి అందుకున్నాడు, తొడుక్కున్నాడు, దిగాడు. గేర్లలో మంచు గడ్డకట్టకుండా ఉండటానికి దిగుడులో కూడా కాళ్లు ఆడిస్తూనే పోయాడు. ఆఖరి కిలోమీటర్లలో డచ్చి రైడర్ ఎరిక్ బ్రూకింక్ వెనక నుంచి వచ్చి కలిసి, 7 సెకన్ల తేడాతో స్టేజి గెలిచాడు. కానీ జీరోలో ముందున్నవాడు వేసుకునే గులాబీ జెర్సీ ఫ్రాంకో కియోచ్చోలి ఒంటి మీద నుంచి హాంప్‌స్టెన్‌కు వచ్చింది. ఇంకో వారం కాపాడుకుని జూన్ 12న జీరో గెలిచాడు. అమెరికావాళ్లలోనే కాదు, యూరప్ బయటివాళ్లలోనే జీరో గెలిచిన మొదటివాడు అతను. ఆ గెలుపులో సగం పొద్దున్నే దుకాణానికి పరుగెత్తినవాళ్లదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. వాళ్ల పేర్లు ఏ కప్పు మీదా చెక్కలేదు.

ఇటలీలో పాతతరంవాళ్లను కదిలిస్తే గావియా కంటే ముందు మోంటె బొందోనె పేరు చెబుతారు. 1956 జూన్ 8. లక్సెంబర్గ్ రైడర్ షార్లీ గౌల్ 16 నిమిషాల వెనక నుంచి మంచుతుఫానులో ఒక్కరోజులో గులాబీ జెర్సీ దాకా వచ్చేశాడు. చలి అతనికి మిత్రుడు, ఎండ శత్రువు. ఆ రోజున పదుల మంది రైడర్లు పందెం వదిలేసి దారిలో దొరికిన ఇంట్లోకల్లా దూరిపోయారు. అదే జీరోలో భుజం ఎముక విరిగిన ఫియొరెంజో మాగ్ని చివరిదాకా తొక్కి రెండో స్థానంలో నిలిచాడు.

ఇవి వినడానికి పురాణాల్లా ఉంటాయి. కానీ ఒక ప్రశ్న నన్ను వదలదు. మనం కథలు చెప్పుకోవడం కోసం ఎవరి వేళ్లో గడ్డకట్టాలా? వాన్ డెర్ వెల్డె ఆ దిగుడులో ఆగగలిగాడు కాబట్టి సరిపోయింది. బ్రేకు నొక్కలేని వేళ్లతో ఆగకుండా పోయి ఉంటే?

2014 మే 27న జీరోలో ఇదే గావియా, దాని తర్వాత స్టెల్వియో కనుమ, మళ్లీ మంచు. స్టెల్వియో దిగేటప్పుడు ఎర్రజెండా మోటార్‌సైకిళ్లు ముందుండి నెమ్మదిగా తీసుకెళతాయని రేడియోలో ఒక మాట వచ్చింది. కొన్ని జట్లు ఆ మాట నమ్మి, ఆగి బట్టలు మార్చుకున్నాయి. కొన్ని జట్లు అలా అర్థం చేసుకోలేదు. కింతానా మరికొందరితో కలిసి దిగిపోయి, ఆ స్టేజి గెలిచి, గులాబీ జెర్సీలో ఉన్న తోటి కొలంబియన్ రిగొబెర్తో ఉరాన్ కంటే 4 నిమిషాల 11 సెకన్లు ముందు చేరాడు. చివరికి జీరోనూ గెలిచాడు. నిర్వాహకులు మేము అలా అనలేదన్నారు, జట్లు మేము విన్నామన్నాయి. రోజుల తరబడి తగవు. కింతానా తర్వాతి కొండల్లో కూడా తన బలం చూపించాడు, అతని గెలుపును నేను తక్కువ చేయను. కానీ ఒక్క మాటను ఒక్కొక్కరు ఒక్కోలా వినడం వల్ల నిమిషాలు పోవడం మాత్రం ఆట కాదు.

ఆ తర్వాతే, 2016 సీజన్ నాటికి, అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య తీవ్ర వాతావరణానికి ఒక పద్ధతి పెట్టింది. గడ్డకట్టే వాన, రోడ్డు మీద పేరుకునే మంచు, పెనుగాలి, మితిమీరిన ఎండ లేదా చలి, దారి కనపడని పొగమంచు, గాలి కాలుష్యం, వీటిలో ఏది ముంచుకొచ్చినా నిర్వాహకులు, రైడర్ల ప్రతినిధులు, జట్ల ప్రతినిధులు, వైద్యులు కలిసి కూర్చుని మాట్లాడుకోవాలి. దారి మార్చవచ్చు, కుదించవచ్చు, రద్దు చేయవచ్చు. ఆటలో మగతనం పోయిందని వాపోయేవాళ్లున్నారు. నా మాట వేరు. గాలిలో తొక్కించండి, వానలో తొక్కించండి, అక్కడ తెలివికీ జట్టుకీ పని ఉంది. మంచు దిగుడులో బ్రేకు అందని చేతులకు ఏ తెలివీ పనికిరాదు.

2019 జులై 26న అలాంటి నిర్ణయమే ఒక టూర్‌ను తేల్చింది. 2,770 మీటర్ల ఇజెరాన్ కనుమను కొలంబియా కుర్రాడు ఎగాన్ బెర్నల్ అందరికంటే ముందు దాటాడు. అవతలి లోయలో వడగళ్లు కుప్పపడి, కొండచరియ విరిగి రోడ్డు మీదికి వచ్చింది. దిగుతున్నవాళ్లను దారిలోనే ఆపేశారు, ఇజెరాన్ పైన తీసిన సమయాలనే లెక్కలోకి తీసుకున్నారు. రోజుల తరబడి పసుపు జెర్సీని కాపాడుకున్న జూలియన్ అలఫిలిప్ అక్కడ దాన్ని కోల్పోయాడు. దిగుడులో అతను అందరికంటే గడుసువాడు, కాబట్టి అన్యాయం జరిగిందన్నారు కొందరు. ఆ బురదా మంచూ నిండిన రోడ్డు ఫొటోలు చూసినవాళ్లెవరూ ఆ మాట రెండోసారి అనలేరు. 22 ఏళ్ల బెర్నల్ టూర్ గెలిచిన మొదటి కొలంబియన్ అయ్యాడు.

వచ్చే పందెం చూసేటప్పుడు ఒక పని చేయండి. ఊళ్లలో కట్టిన జెండాలు గమనించండి. అవి రోడ్డుకు అడ్డంగా ఎగురుతుంటే నాయకుల ముఖాలు వదిలేసి, ముందు వరసలో ఒకే రంగు చొక్కాలు ఎన్ని చేరాయో లెక్కపెట్టండి. నాలుగు దాటాయంటే ఇంకో పది నిమిషాల్లో ఏదో జరగబోతోంది. వాన పడుతుంటే కెమెరా గుంపు వెనక్కి పోయినప్పుడు చూడండి, జట్టు కారు కిటికీ దగ్గర ఒకడు చొక్కా ఉబ్బిపోయేలా జాకెట్లు కుక్కుకుంటూ కనపడతాడు. అతని చొక్కా వెనక అంకె గుర్తుపెట్టుకోండి. సాయంత్రం ఫలితాల పట్టికలో అతని పేరు 130వ చోటో 150వ చోటో ఉంటుంది. కిందిదాకా పోయి వెతకండి.